ఫినిషింగ్, కోటింగ్ మిల్లుల్లో రోబోలు: అపోహలు - వాస్తవాలు

మన గుంటూరు, చిలకలూరిపేట వైపు జిన్నింగు, స్పిన్నింగు మిల్లులకి లోటు లేదు గానీ బట్టకి రంగేసి ఫినిషింగ్, కోటింగ్ చేసే యూనిట్లు తక్కువ. ఇప్పుడు కొత్తగా పెడదామనుకునేవాళ్ళు మొదటి రోజునుంచే రోబోలు పెట్టేద్దాం అంటున్నారు. నేను చేసేది ఆటోమేషన్ పనే కాబట్టి వద్దని చచ్చినా అనను, కాకపోతే ఎగ్జిబిషన్లో నున్నటి ఫ్లోర్ మీద తిరిగే బండిని చూసి నేరుగా ఆర్డర్ ఇచ్చేస్తున్నారు, అక్కడే భయమేస్తోంది.

అపోహ: రోబో వస్తే స్టెంటర్ కూడా అదే నడిపేస్తుంది

కాదండీ. స్టెంటర్ అంటే బట్ట అంచుల్ని పిన్నులతో పట్టి, వెడల్పుగా లాగి వేడిగాలిలో ఆరబెట్టే మెషిన్. ఎక్కువగా మనం కొనేది ఏఎంఆర్ (తన దారి తనే చూసుకునే రోబో), అంటే బట్ట చుట్టిన బ్యాచ్ ట్రాలీని ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి చేర్చే బండి. పాత ఏజీవీలు, అంటే గీసిన దారిలోనే నడిచే డ్రైవర్ లేని బండ్లు, వాటిలో చాలావాటికి నేల మీద మాగ్నెటిక్ టేపు వేయాలి, అడ్డం వస్తే అక్కడే నిలబడిపోతాయి, ఏఎంఆర్ అయితే లేజర్ స్కానర్‌తో హాలంతా మ్యాప్ చేసుకుని పక్కనుంచి తిరిగి వెళ్తుంది. స్టెంటర్ మీద ఓవర్‌ఫీడ్ (బట్టని కాస్త వదులుగా ఎక్కువ పంపడం) ఎంత ఇవ్వాలి, అంచు పిన్ను వదిలేస్తోందా, బట్ట చేతికి గరుగ్గా తగుల్తోందా అని చూసే ఆపరేటర్ ఎప్పట్లాగే ఉండాలి.

అపోహ: అదే బండిని కోటింగ్ హాల్లోకి కూడా పంపొచ్చు

దయచేసి ఈ ఒక్కటి మాత్రం పూర్తిగా చదవండి. నీళ్ళ బేస్ అక్రిలిక్ కోటింగ్ అయితే నేల జారుతుందేమో చూసుకుంటే చాలావరకు సరిపోద్ది. సాల్వెంట్ కోటింగ్, అంటే నీళ్ళకి బదులు టోలుయీన్, ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) లాంటి మండే ద్రవాలు వాడేది అయితే కథే వేరు. టోలుయీన్ ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి లేచే కనీస వేడి) సుమారు 4 డిగ్రీలు, ఎంఈకే అయితే సున్నా కంటే కింద, అంటే మన ఊళ్ళో చలికాలం తెల్లవారుజామున కూడా డ్రమ్ము మూత తీస్తే అంటుకునే ఆవిరి రెడీగా ఉంటుంది. పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు, పైకి పోదు, నేలమీద పాకుతూ పల్లం వైపు చేరుతుంది. రోబో మోటార్లు, బ్యాటరీ, రిలేలు ఎక్కడుంటాయో ఒకసారి ఆలోచించండి, సరిగ్గా ఆ ఎత్తులోనే. దానికి తోడు బట్ట రోలర్ల మీద రాసుకుంటూ స్టాటిక్ కరెంటు పుడుతుంది, మామూలు పాలియురిథేన్ చక్రాల మీద నిలబడిన ట్రాలీకి ఎర్తింగ్ ఉండదు కాబట్టి ఆ ఛార్జి పోవడానికి దారే లేదు, ఆపరేటర్ చెయ్యి పెట్టగానే చిటుక్కుమంటుంది.

అందుకని ముందు ఆ హాలుని, అంటుకునే ఆవిరి ఎక్కడ ఎంతగా ఉండొచ్చో దాన్నిబట్టి జోన్లుగా క్లాసిఫై చేయించాలి, జోన్ లోపలికి వెళ్ళే ఏ బండి అయినా ఆ జోన్‌కి సర్టిఫై అయినదే ఉండాలి, మన దేశంలో దీనికి పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అప్రూవల్ అడుగుతారు. అలాంటి రోబో దొరకడం కష్టం, దొరికినా రేటు బాగా ఎక్కువ. నేనైతే ఏం చెప్తానంటే, రోబో గోడ అవతల తలుపు దగ్గర ట్రాలీ వదిలేసి వెనక్కి వచ్చేయాలి, లోపల ఎర్త్ చేసిన కండక్టివ్ చక్రాల ట్రాలీని మనుషులు తోసుకోవాలి. సేల్స్ అబ్బాయి "మా బండికి ఏం కాదు సార్" అంటే ఆ మాట కాదు, సర్టిఫికెట్ చూపించమనండి.

అపోహ: సెన్సార్లున్నాయిగా, ఎవర్నీ గుద్దదు

డ్రైవర్ లేని బండ్లకి ఐఎస్ఓ 3691-4 అని సేఫ్టీ స్టాండర్డ్ ఉంది, అది పాటించిన బండే కొనండి. కానీ సేఫ్టీ స్కానర్ సాధారణంగా మడమల దగ్గర ఒకే అడ్డ గీతలో చూస్తుంది. బ్యాచ్ రోలు షాఫ్ట్ చివర బండి వెడల్పు దాటి రెండు పక్కలా నడుం ఎత్తులో బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, మలుపు తిరిగేటప్పుడు బండి స్తంభాన్ని తప్పించుకుంటుంది, షాఫ్ట్ మాత్రం పక్కనున్న మనిషి డొక్కలో దిగుద్ది. లోడుతో ఉన్న వెడల్పు వేరే సెట్ చేయించుకోవాలి, ట్రాలీలు అన్నీ ఒకే సైజులోకి మార్పించాలి, ఆ వెల్డింగ్ పని విజయవాడ ఆటోనగర్లో సుబ్బరంగా చేస్తారు.

ఇంకోటి, వాషర్ నుంచి వచ్చే ఆవిరిని కొన్ని స్కానర్లు గోడ అనుకుని ఆగిపోతాయి. దూది నూగు సంగతి స్పిన్నింగ్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, షిఫ్టుకోసారి స్కానర్ అద్దం తుడిచే డ్యూటీ ఎవరో ఒకరి పేరున రాసి పెట్టాలి.

అపోహ: టన్ను మోసే రోబో మనకి సరిపోద్ది

లెక్క వేద్దాం. 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాముల) కాటన్, 1.6 మీటర్ల పన్నా, 1500 మీటర్లు, పొడిగా 480 కిలోలు. ప్యాడింగ్ (రంగు నీళ్ళలో ముంచి రోలర్ల మధ్య పిండటం) అయ్యాక 80 శాతం తడి పట్టుకుంటే 864 కిలోలు, ఇనుప ట్రాలీ బరువు ఇంకా కలపలేదు. అదే తడి కారి నేలమీద పడుతుంది, డ్రెయిన్ జాలీల మీద చక్రం ఎక్కి దిగుతుంది, వాలు ఉంటే బ్రేకు మీద బరువు పడుతుంది. రోబోకి ముందు నేల బాగుచేయించండి, ఆ ఖర్చు కొటేషన్లో కనిపించదు.

కోల్డ్ ప్యాడ్ బ్యాచ్, అంటే రంగులో ముంచి చుట్టిన బట్టని వేడి చేయకుండా అలాగే ఉంచి రంగు పట్టించే పద్ధతి, చేసేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. రియాక్టివ్ రంగు వేసిన బ్యాచ్ గంటలకొద్దీ మెల్లగా తిరుగుతూనే ఉండాలి, కదలకుండా పెడితే రంగు నీళ్ళు కిందికి దిగి ఒక పక్క ముదురు, ఒక పక్క లేత వచ్చేస్తుంది. రోబో ఛార్జింగ్‌కి వెళ్ళింది ఆగండి అంటే ఆ లాటు పోయినట్టే, కాబట్టి ఆ ట్రిప్పుకి సాఫ్ట్‌వేర్లో అన్నిటికంటే పై ప్రయారిటీ ఇవ్వాలి, చేత్తో తోసే ఏర్పాటు కూడా ఉంచాలి.

అపోహ: బ్యాటరీ సంగతి కంపెనీ చూసుకుంటుంది

మే నెలలో మన ఎండలకి తోడు స్టెంటర్ వేడి. లిథియం బ్యాటరీలకి ఎక్కువగా 45 డిగ్రీలు దాటాక ఛార్జింగ్ వద్దంటారు, ఛార్జర్‌ని స్టెంటర్‌కి దూరంగా గాలి ఆడే చోట పెట్టండి.

అపోహ: రోబో వస్తే కూలీలందరూ ఇంటికే

పోయేది తోసే పని. తడి బ్యాచ్‌ని నలుగురు కలిసి తోసే చోట నడుములు ఎలా పడిపోతాయో నేను చూశాను, ఆ పని పోతే నాకైతే సంతోషమే. కానీ ఆ నలుగురి సంగతి ఓనర్ ముందే తేల్చాలి. మ్యాప్ మార్చడం, ఆగిపోయిన బండిని విడిపించడం, స్కానర్ తుడవడం, ట్రాలీ పిన్ను అరిగిందో లేదో చూడటం, ఇవన్నీ ఆ హాలు తెలిసిన మనిషే బాగా చేస్తాడు, నేల ఎక్కడ జారుతుందో వాడికే తెలుసు. పర్చేజ్ ఆర్డర్లోనే మన వాళ్ళకి ట్రైనింగ్ అని, అది తెలుగులో అని, ఆపరేటర్ స్క్రీన్ కూడా తెలుగులో కావాలని రాయించండి, ట్రైనింగ్ అయినవాళ్ళ జీతం గ్రేడు ఏంటో కూడా బండి దిగకముందే కాగితం మీద పెట్టండి.