హాల్ టికెట్ పోతే ఏడాది పోదు

ఫిబ్రవరి వచ్చిందంటే నా ఫోను మోగుతుంది. "సార్, అమ్మాయి హాల్ టికెట్ కనిపించడం లేదు. ఈ ఏడాది పోయినట్లేనా?" మహారాష్ట్రలోని సిరోంచ తాలూకాలో ఎనిమిదేళ్లు పదో తరగతి పరీక్షలకు కేంద్ర సంచాలకుడిగా, అంటే పరీక్ష కేంద్రం బాధ్యుడిగా, పనిచేశాను. పోదమ్మా, పోదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా, మరుసటి ఏడు మళ్లీ అదే పుకారు.

హాల్ టికెట్ ఆన్‌లైన్‌లో ఉంటుంది. పోతే మీ బడివాళ్లు మళ్లీ ప్రింటు తీసి, దాని మీద ఎర్ర సిరాతో 'డూప్లికేట్' అని రాసి ఇవ్వాలి. ఇది బోర్డు చెప్పిన పద్ధతే. ఫొటో తప్పుగా ఉంటే సరైనది అంటించి హెడ్మాస్టరు ముద్ర వేసి సంతకం చేస్తారు. హాల్ టికెట్ ప్రింటుకని ఎవరైనా విడిగా డబ్బు అడిగితే ఇవ్వకండి.

పేరు గురించి మన ఇళ్లలో ఇంకో భయం. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. బడిలోనేమో మరాఠీ పద్ధతిలో ముందు ఇంటిపేరు, తరువాత పిల్లల పేరు, చివర తండ్రి పేరు. రెండూ కలవలేదని నేను ఒక్కరినీ గేటు నుంచి పంపలేదు. సవరణ బడి ద్వారా బోర్డుకు వెళ్తుంది. పరీక్ష మాత్రం రాయండి.

ఒక ఏడు గణితం మొదటి భాగం రోజున ఒక బెంచి ఖాళీగా ఉంది. బెంచి మీద సీటు నంబరు ఉంది, పిల్ల లేదు. గైర్హాజరు వేశాం. సాయంత్రం తెలిసింది: షేర్ ఆటోలో హాల్ టికెట్ పడిపోయిందట. గేటు దగ్గర ఎవరో "అది లేకుంటే రానివ్వరు" అన్నారట. మేనమామ అక్కడి నుంచే వెనక్కి తీసుకుపోయాడు. ఆ పిల్ల నిలబడి ఏడ్చిన వేపచెట్టు నా గదికి యాభై అడుగులు కూడా ఉండదు. ఆమె నంబరు నా బల్ల మీది జాబితాలోనే ఉంది. వాళ్ల బడికి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది.

అంతటితో ఆగలేదు. ఒకటి పోయాక మిగతావి రాసి ఏం లాభమని ఇంట్లో నిర్ణయించేశారు! మర్నాడు పొద్దున్నే వెళ్లాను. తండ్రి మిరప ఏరడానికి బయలుదేరుతున్నాడు. ఒకటి రెండు సబ్జెక్టులు తప్పినా పై తరగతికి వెళ్లనిచ్చే ఏటీకేటీ సదుపాయంతో పదకొండులో చేరవచ్చని, తప్పింది మాత్రమే సప్లిమెంటరీలో రాసుకోవచ్చని చెప్పాను. "నిజమేనా సార్?" అని నాలుగుసార్లు అడిగాడు. ఆ పిల్ల మిగతా పరీక్షలన్నీ రాసింది. గణితం ఒక్కటే మిగిలింది, అదీ తరువాత గట్టెక్కింది.

ఇక మిగతావి. ప్రశ్నపత్రం 10:50కి ఇస్తారని అన్నలు, అక్కలు చెబుతుంటారు. అది వాళ్ల రోజుల మాట. పత్రాలు ముందే బయటికి వస్తున్నాయన్న వదంతులు పెరిగి, 2023 నుంచి సరిగ్గా 11 గంటలకే ఇస్తున్నారు. ఆ పది నిమిషాలు చివర్లో కలుపుతారు. మీరు మాత్రం పదిన్నరకే అక్కడ ఉండండి. చెన్నూరు బంధువులు వాట్సాప్‌లో పంపే 'నిమిషం ఆలస్యమైతే' నిబంధన ప్రాణహిత నది అవతల తెలంగాణలో ఒకప్పటి ఇంటర్ పరీక్షల గొడవ. దాన్ని చూసి మీరు నిద్ర మానుకోనక్కరలేదు.

చిట్టీ చూసి రాసేవాడిదే తప్పు, కిటికీలోంచి అందించేవాడిది కాదు అనుకునేవాళ్లూ ఉన్నారు. ఈ రాష్ట్రంలో 1982 నుంచే దీనికి చట్టం ఉంది, సాయం చేసినవాడూ ఇరుక్కుంటాడు. గోడ ఎక్కే అన్నలకు ఇది ఇంట్లోనే చెప్పండి.

భరారీ పథక్, అంటే కాపీలు పట్టే ఫ్లయింగ్ స్క్వాడ్, పేరు వింటేనే కొందరు పిల్లల చేతులు వణుకుతాయి. నిరుడు ఒక పిల్లవాడు వాళ్లను చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు, పెన్ను కింద పడిపోయింది. వచ్చినవాళ్లలో ఒకాయనే వంగి తీసి ఇచ్చి, పక్క బెంచీకి వెళ్లిపోయారు.