‘ఇది నాకు రాదు’ అనే నర్సు గురించి అపోహలు - వాస్తవాలు

మెటర్నిటీలో చేసే స్టాఫ్ నర్సుని ఒక నైట్ డ్యూటీకి ఐసీయూకి పంపుతారు. అక్కడ ఇంతకు ముందెప్పుడూ ముట్టని మెషీన్ ఉంటుంది, వెంటనే ఇవ్వాల్సిన మందు ఉంటుంది. అప్పుడు ఏం చేయాలన్న దాని మీద స్టాఫ్‌లోనూ, బయటా కొన్ని తప్పుడు నమ్మకాలున్నాయి.

అపోహ: కోర్సు పాసయ్యాక కూడా అడిగితే పరువు తక్కువ.

వాస్తవం: జీఎన్‌ఎం డిప్లొమా అయినా బీఎస్సీ నర్సింగ్ అయినా అన్ని మెషీన్లూ ఏ కాలేజీలోనూ చూపించరు. మందుని కొంచెం కొంచెంగా ఎక్కించే సిరింజ్ పంప్ కంపెనీ మారితే బటన్లే మారిపోతాయి. కొత్తగా చేరిన అమ్మాయి నెలంతా ఒక్క డౌటూ అడగకపోతే, నేను ఆ అమ్మాయి మందుల ట్రే ఇంకోసారి చూసుకుంటాను.

అపోహ: ఇంజెక్షనే కదా, అన్నీ ఒకటే.

వాస్తవం: పొటాషియం క్లోరైడ్ 10 ఎంఎల్ యాంపుల్‌లో సాధారణంగా 20 మిల్లీఈక్వివలెంట్లు (ఈ మందుని కొలిచే యూనిట్) ఉంటాయి. నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోవచ్చు. దాన్ని సెలైన్‌లో వేసి, బాటిల్ తిప్పి బాగా కలిపి, నెమ్మదిగా ఎక్కించాలి. మామూలు వార్డులో గంటకి 10 మిల్లీఈక్వివలెంట్లు దాటనివ్వరు. అంతకంటే వేగంగా ఇవ్వాలంటే గుండె మానిటర్ పెట్టాల్సిందే.

ఇన్సులిన్‌తో ఇంకో చిక్కు. మన దగ్గర వయల్స్ ఎక్కువగా ఎంఎల్‌కి 40 యూనిట్లవి, పెన్ కార్ట్రిడ్జ్‌లు 100 యూనిట్లవి. ఎర్ర మూత సిరింజ్ 40కి, నారింజ మూతది 100కి. 40 వయల్ మందుని నారింజ సిరింజ్‌లో 20 గీత వరకు తీస్తే వెళ్లేది 8 యూనిట్లే. 100 మందుని ఎర్ర సిరింజ్‌లో తీస్తే 20 అనుకున్నది 50 అవుతుంది, షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. ఇలాంటి మందులు ఎంత అలవాటున్నా రెండో మనిషికి చూపించే ఇవ్వాలి.

అపోహ: సీనియర్ అక్క చెప్పింది, ఇక చూడక్కర్లేదు.

వాస్తవం: రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) వేశాక గాలి కొట్టి, స్టెతస్కోప్‌తో శబ్దం వింటే చాలని చాలా వార్డుల్లో ఇప్పటికీ నేర్పుతున్నారు. ట్యూబ్ ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా ఆ శబ్దం వినిపించవచ్చు. లోపలి నుంచి తీసిన ద్రవం పీహెచ్ 5.5 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి, లేదంటే ఎక్స్‌రే తీయాలి. అది తేలేదాకా ఫీడ్ ఇవ్వకూడదు. అందుకే సీనియర్‌ని అడిగాక ప్రోటోకాల్ ఫైల్ కూడా తెరవాలి. (ఆ ఫైల్ బీరువాలో తాళం వేసి ఉండటం ఇంకో కథ.)

అపోహ: రాత్రి డాక్టర్‌ని లేపితే తిడతారు.

వాస్తవం: తిట్టొచ్చు, అయినా లేపాలి. ఫోన్ చేసేముందు బీపీ, పల్స్ లాంటి వైటల్స్ చూసుకుని, కేస్ షీట్ చేతిలో పట్టుకోండి. ‘సర్, పేషెంట్ బాలేదు’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘సర్, ఫిమేల్ సర్జికల్ ఆరో బెడ్, నిన్న పేగు ఆపరేషన్ అయింది. బీపీ 80/50, పల్స్ 130, రెండు గంటలుగా యూరిన్ లేదు. లోపల బ్లీడింగేమో అనిపిస్తోంది. మీరు వచ్చి చూడాలి’ అనండి. ఫోన్‌లో డోసు చెబితే తిరిగి చదివి వినిపించండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ‘వన్ ఫైవ్’ అని విడివిడిగా పలకాలి. రాకపోతే పైవాళ్లకి చేయండి, టైమ్ రాయండి.

అపోహ: డాక్టర్ చెప్పాక ఎలాగోలా చేసేయాలి.

వాస్తవం: ‘ఇది నేను ఒంటరిగా ఎప్పుడూ చేయలేదు, పక్కన ఎవరైనా ఉంటే చేస్తాను’ అనొచ్చు. అది పనికి ఎదురుచెప్పడం కాదు.

అపోహ: ఇంకో నర్సుని పిలిచిందంటే ఈవిడకి పని రాదు. (ఇది పేషెంట్ తాలూకు వాళ్లది.)

వాస్తవం: రక్తం ఎక్కించేముందు ఇద్దరం బెడ్ దగ్గరే పేరు, ఐపీ నంబర్ (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చేది), గ్రూపు, బ్యాగ్ నంబర్, గడువు తేదీ సరిచూస్తాం. చీటీలో రాసి ఉన్నా పేషెంట్‌నే పేరు చెప్పమంటాం. పక్క పక్క బెడ్లలో ఇద్దరు లక్ష్ములు ఉండటం మా వార్డుల్లో వింతేమీ కాదు.