కలబందకు నీళ్లు తగ్గించండి

అనంతపురం

పిల్లలకు తాత ఆశీస్సులు.

బడిలో కలబంద నాటారని, రోజూ బిందెడు నీళ్లు పోస్తున్నారని మీ అమ్మ చెప్పింది. ముందు ఆ నీళ్లు ఆపండి. మన అనంతపురంలో ఏడాదికి కురిసేదే సుమారు 550 మిల్లీమీటర్ల వాన. కలబందకు మన ఎండ కంటే వేళ్ల దగ్గర నిలిచిన నీళ్లే ఎక్కువ చేటు. మట్టి రెండు మూడు అంగుళాల లోతు దాకా ఆరాకే మళ్లీ పోయండి.

ఇంత ఎండను అది ఎట్లా తట్టుకుంటుందో తెలుసా? చాలా మొక్కలు పగలే పత్రరంధ్రాలు తెరుస్తాయి, వాటి గుండా నీరంతా ఆవిరైపోతుంది. కలబంద పగలు వాటిని మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అప్పుడు తీసుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా దాచుకుని, తెల్లవారాక వెలుగులో ఆహారం తయారుచేసుకుంటుంది. అందుకే ఆకులో ఆమ్లం తెల్లవారుజామున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. బడిలో పీహెచ్ కాగితం ఉంటే రెండు పూటలా పరీక్షించండి. నాలుకతో మాత్రం వద్దు. కోసినచోట కారే పసుపు సొన విరేచనాలు పట్టిస్తుంది.

పెద్దది హైడ్రోసాల్ గురించి అడిగింది. ఆకును నీళ్లలో కాచి, ఆవిరిని చల్లార్చి పట్టుకునే నీరే అది. గులాబీల పన్నీరు తీసేదీ ఇట్లాగే. ఆవిరితో లేచిపోగలిగినవే సీసాలోకి వస్తాయమ్మా. గులాబీ, తులసిలో సువాసన నూనెలు ఉన్నాయి కాబట్టి వస్తాయి. కలబంద గుజ్జుకు జిగురునిచ్చే పదార్థాలు మాత్రం గిన్నెలోనే ఉండిపోతాయి. గుజ్జు గుణాలన్నీ ఈ నీళ్లలో ఉన్నాయని ఎవరైనా అమ్మితే నమ్మకండి. మీరు చేసినా సీసా మీద అట్లా రాయొద్దు. గుజ్జు కావాలంటే, సొన పూర్తిగా కారిపోయాక ఆకు చీల్చి తీసుకోవడమే మేలు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది చల్లార్చడానికి పోయే నీళ్లు. ఒక లీటరు నీరు వచ్చేంత ఆవిరిని చల్లార్చాలంటే, చల్లటి నీళ్లు 25 డిగ్రీలు వేడెక్కేదాకా వాడుకున్నా, 20 లీటర్లకు పైనే కావాలి. బోర్లు ఎండిపోయే ఊళ్లో వాటిని మోరీలోకి వదలడం అన్యాయం. తొట్టిలో పట్టి, రాత్రి చల్లారనిచ్చి, మళ్లీ అవే వాడండి. పొయ్యిలోకి శనక్కాయ పొట్టు చాలు. తీసిన నీరు త్వరగా పాడవుతుంది, కాచి ఆరబెట్టిన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఆకులు కోయడానికి తొందరపడకండి. మొక్క ముదిరాక బయటి ఆకులే, ఒక్కో దానికి మూడు నాలుగుకు మించకుండా కోయండి. పిలకలు వస్తే వేరుచేసి, కోసినచోటు మానేదాకా నీడలో ఉంచి నాటండి. దసరా సెలవుల్లో నాకూ రెండు పిలకలు తెండి.

ఇట్లు,
మీ తాత