కృష్ణ ఒడ్డున నడిపించేటప్పుడు నేను రోజూ వినే అపోహలు

విజయవాడ నుంచి హెరిటేజ్ వాక్‌లకు జనాన్ని తీసుకెళ్తుంటాను. వచ్చినవాళ్లు అడిగే మాటల్లో కొన్నింటిని ఇక్కడ సరిచేయాలని ఉంది.

అపోహ: ఉండవల్లి గుహలో పడుకుని ఉన్నది బుద్ధుడు.
వాస్తవం: ఆయన అనంతపద్మనాభస్వామి. తలపైన శేషుడి పడగలు చూడండి, సందేహం ఉండదు. కింది అంతస్తు తీరు చూసి దాన్ని మొదట బౌద్ధ విహారంగా తొలిచి ఉంటారని కొందరు పండితులు అంటారు. ఈ అపోహ అక్కడి నుంచే వచ్చిందని నా ఊహ.

అపోహ: అమరావతి శిల్పాలు పాలరాయివి, వాటన్నిటినీ తెల్లదొరలు లండన్‌కి ఎత్తుకెళ్లారు.
రెండూ తప్పే. అది లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాయి. పాలరాయి కన్నా మెత్తన, అందుకే ఉలి అంత సన్నగా ఆడింది. అందుకే అరిగిపోతుంది కూడా. దయచేసి చెక్కిన రాయి మీద చేతులు రుద్దకండి, పిల్లల్ని ఎక్కించకండి. ఇది చెప్పినప్పుడు ముఖం చిట్లించుకునేవాళ్లున్నారు, అయినా చెబుతూనే ఉంటాను.

ఇక లండన్ సంగతి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి 120 దాకా. అంతకన్నా ఎక్కువ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి. అసలు నష్టం అంతకు ముందే మొదలైంది. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చేనాటికే కట్టడాల కోసం ఈ శిల్పాలున్న బౌద్ధ స్తూపపు దిబ్బను తవ్వి ఇటుకలు, రాళ్లు పట్టుకుపోతున్నారు. తర్వాత దాని నడుమ ఏకంగా చెరువు తవ్వారు. మిగిలిన ఆ గుండ్రటి వేదిక చుట్టూ తిరుగుతుంటే నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

అపోహ: నాగార్జునకొండ మొదటి నుంచీ దీవే.
వాస్తవం: కాదు, అది లోయలోని కొండ. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది. సాగర్ కడుతున్నారని తెలిసి 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండపైన, మరికొన్నిటిని అనుపులో తిరిగి నిలబెట్టారు. లాంచీ ఎక్కినప్పుడు మీ కింద ఒక ఊరుందని గుర్తుపెట్టుకోండి.

అపోహ: తెలుగు అక్షరాలు భట్టిప్రోలులో పుట్టాయి.
మా దగ్గరి వాళ్లకు ఇది చాలా ఇష్టమైన మాట. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ తవ్వినప్పుడు బయటపడ్డ ధాతు కరండాల (అస్థికలు దాచే భరిణెల) మీద ఉన్నది బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. కొన్ని అక్షరాలు మిగతా చోట్ల బ్రాహ్మికి భిన్నంగా ఉంటాయి కాబట్టి, దక్షిణాది లిపుల చరిత్ర రాసేవాళ్లు దీన్ని దాటి పోలేరు. ఆ విలువ చాలు, పైన కథ కలపక్కర్లేదు.

వీలైతే కార్తీకం నుంచి మాఘం లోపల రండి, బెజవాడ ఎండ మీకు తెలిసిందే. పొద్దున్నే బ్యారేజీ దాటి సీతానగరం మీదుగా ఉండవల్లి చూసుకుని, కరకట్ట దారిలో అమరావతికి వెళ్లండి. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు. భట్టిప్రోలుకు వేరే రోజు పెట్టుకోండి, అది నదికి దిగువన, డెల్టా పొలాల మధ్య ఉంటుంది.