సోమాలియా: ప్రకటన కోసం ఆగిన సాయం

సోమాలియాలో కరువు రాబోతోందని అందరికంటే ముందు చెప్పేది మేకల సంత. ఒక మేకను అమ్మితే ఎన్ని కిలోల జొన్నలొస్తాయన్నదే అక్కడి లెక్క. గడ్డి ఎండితే అందరూ ఒకేసారి జీవాలను సంతకు తోలుతారు, మేక ధర పడిపోతుంది. అదే సమయంలో జొన్నల ధర మండిపోతుంది. చావులు మొదలవడానికి నెలల ముందే ఈ లెక్క తిరగబడుతుంది. దాన్ని నెలనెలా రాసిపెట్టే సంస్థలూ ఉన్నాయి. అంటే ఇక్కడి కష్టం తెలియకపోవడం వల్ల వచ్చింది కాదు.

1991లో సైనిక నియంత సియాద్ బరే పాలన కూలింది. మరుసటేడు కరువుకు ఓడల్లో గింజలు వచ్చినా దారిలోనే ముఠాల పాలయ్యేవి. వాటికి కాపలాగా అమెరికా సైన్యం దిగింది. 1993 అక్టోబరులో మొగదిషు పోరులో 18 మంది సైనికులు పోయాక అమెరికా వెనక్కి మళ్లింది, 1995కల్లా ఐరాస దళాలూ వెళ్లిపోయాయి.

ప్రభుత్వం లేదు, బ్యాంకుల్లేవు. నిలబడింది హవాలా. ఆ మాట వినగానే మనకు నల్లడబ్బు గుర్తొస్తుంది గానీ, అక్కడ అది లండన్‌లోనో మినియాపొలిస్‌లోనో పనిచేసే కొడుకు అమ్మకు పంపే నెల ఖర్చు. 2001లో ఉగ్రవాద అనుమానంతో అమెరికా అల్ బరకాత్ అనే హవాలా సంస్థను మూయించినప్పుడు ఎన్నో ఇళ్లలో పొయ్యి మీద దెబ్బపడింది.

2011 నాటి కథ ఇంకా చేదు. 2010 ఆగస్టు నుంచే హెచ్చరికలు వస్తున్నాయి. దక్షిణాన పెత్తనం అమెరికా ఉగ్రవాద జాబితాలో ఉన్న అల్ షబాబ్ ముఠాది. ఐరాస తిండి సాయం సంస్థ అయిన ప్రపంచ ఆహార కార్యక్రమాన్ని అది నిషేధించింది. ఇటు గింజలు ఆ ముఠా చేతికి చిక్కితే అమెరికా చట్టం కింద కేసవుతుందని దాతలకు భయం. ఐరాస 2011 జులై 20న కరువును, అంటే ఆకలి చావుల స్థాయికి చేరిన తిండి కొరతను, ప్రకటించాక గానీ డబ్బు పెద్దఎత్తున కదల్లేదు. అప్పటికే మరణాలు తారస్థాయిలో ఉన్నాయి. మొత్తం దాదాపు 2,58,000 మంది పోయారు. సగానికి పైగా ఐదేళ్లలోపు పిల్లలే.

అప్పుడే సాయం రూటు మారింది. బస్తాలు దక్షిణానికి వెళ్లే వీల్లేక సంస్థలు హవాలా దుకాణాల ద్వారా నగదు పంచాయి. తర్వాత అది ఫోన్లోకి వచ్చింది. సొంత కరెన్సీ షిల్లింగు నోట్లలో 98 శాతం నకిలీవేనని అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) అంచనా వేసిన దేశమది. అందుకే కీప్యాడ్ ఫోన్లో డాలర్లే తిరుగుతాయి. నాలుగు అంకెలు కొడితే కొట్టువాడికి డబ్బు చేరుతుంది, జొన్నలు చేతికొస్తాయి. దాతల నివేదికల్లో దీని పేరు ‘స్థితిస్థాపకత’, అంటే దెబ్బను తట్టుకుని నిలదొక్కుకునే శక్తి. నిజానికి ఆ దారి వేసింది సోమాలీలే, సాయం దాని మీద నడవడం ఆలస్యంగా నేర్చుకుంది. 2017లో డబ్బు ముందే కదిలింది, కరువు తప్పింది.

అక్కడ ఏడాదికి రెండు వానకాలాలు. 2020 చివరి నుంచి వరుసగా ఐదు వానల్లేకుండా పోయాయి. గోధుమలో 90 శాతానికి పైగా రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి తెచ్చుకునే దేశానికి ఆ రెండింటి మధ్య యుద్ధమూ తోడైంది. 2022లో 43,000 మంది అదనంగా మరణించి ఉంటారని ఒక అధ్యయనం అంచనా. కరువు ప్రకటన మాత్రం రాలేదు.

2025లో నిధులు కోతపడ్డాయి. ఆగస్టులో 11 లక్షల మందికి అందిన అత్యవసర ఆహారం నవంబరుకల్లా 3.5 లక్షల మందికే పరిమితం చేయాల్సి వస్తుందని ప్రపంచ ఆహార కార్యక్రమం చెప్పింది. అవి ‘డెయిర్’ వానలు, అంటే అక్టోబరు-డిసెంబరు వానలు, పడాల్సిన రోజులు. పడలేదు.