‘మీ చేతిలో ఎంత ఉంది?’

మొదటిసారి ఇల్లు కొనేవాళ్లు బ్యాంకుకు వెళ్లగానే వడ్డీ ఎంతని అడుగుతారు. లోన్ ఆఫీసర్ మాత్రం ‘మీ చేతిలో ఎంత ఉంది?’ అని మొదలుపెడతాడు. హైదరాబాద్ బాచుపల్లిలో ఇంకా కడుతున్న 80 లక్షల ఫ్లాట్ అనుకోండి. బ్యాంకు ఇచ్చేది మహా అయితే 64 లక్షలు. మిగతా 16 లక్షలు మనవి, దీన్నే మార్జిన్ మనీ అంటారు. రిజిస్ట్రేషన్‌కు 6, జీఎస్టీకి 4 లక్షలు అదనం. మొత్తం 26 లక్షలు. ఫ్యాన్లు, అల్మారాల లెక్క ఇంకా మొదలే కాలేదు.

ఈ మార్జిన్ మనీ నిబంధన అంత పాతదేం కాదు. కూకట్‌పల్లిలో కేపీహెచ్‌బీ కాలనీ కట్టిన రోజుల్లో హౌసింగ్ బోర్డు ఇల్లు దొరకడమే అదృష్టం. 1977లో హెచ్‌డీఎఫ్‌సీ, 1989లో ఎల్‌ఐసీ హౌసింగ్ ఫైనాన్స్ వచ్చినా, చాలామంది పీఎఫ్ తీసి, ఊళ్లో పొలం అమ్మి ఇల్లు కట్టుకున్నవాళ్లే. 1990లలో గృహరుణాల వడ్డీ 15 శాతం దాటింది మరి. 2003-04 నాటికి అది దాదాపు సగానికి దిగింది. అప్పటికే మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ జీతాలు మొదలయ్యాయి. అంతవరకు అప్పు కోసం మనం బ్యాంకు చుట్టూ తిరిగేవాళ్లం, ఇక బ్యాంకులే మన వెంట పడ్డాయి. మొదటి రెండు మూడేళ్లు తక్కువ వడ్డీ, ఆ తర్వాత ఎంతో చూద్దాం అనే ‘టీజర్’ లోన్లు కూడా వచ్చాయి.

అమెరికాలో ఇళ్ల అప్పులు తీరక 2008లో బ్యాంకులే కూలడం చూశాక రిజర్వ్ బ్యాంక్ పగ్గం బిగించింది. 2010 నవంబర్‌లో ఇంటి విలువలో 80 శాతానికి మించి అప్పు ఇవ్వొద్దంది. చిన్న రుణాలకు 90 శాతం దాకా వీలిచ్చింది. 2015లో ఆ ‘చిన్న’ హద్దును 30 లక్షలకు పెంచింది. హైదరాబాద్‌లో ఆ లోన్‌తో ఫ్లాట్ ఎక్కడొస్తుందో వేరే సంగతి!

నన్నడిగితే, కొనేవాళ్లకు అసలు దెబ్బ 2012లో తగిలింది. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఇంటి విలువలో కలిపి అప్పు లెక్కేయొద్దని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. తర్వాత 2021 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఈ చార్జీలను మొత్తం 6 శాతం నుంచి 7.5కు పెంచింది. ఒకరు లెక్కలోంచి తీసేశారు, ఇంకొకరు పెంచారు. రెండూ కలిసి జేబు మీదే పడ్డాయి.

పాత ఫ్లాట్ కొంటే ఇంకో చిక్కు. అమ్మేవాళ్లు ‘వైట్ ఇంత, బ్లాక్ ఇంత’ అంటారు. బ్యాంకు కాగితం మీద ఉన్న ధరనే చూస్తుంది కాబట్టి లోన్ తగ్గిపోతుంది. పోనీ పర్సనల్ లోన్ తీసుకుని మార్జిన్ కడదామా అంటే, దాని ఈఎంఐ కూడా జీతంలో తీసేసి మన అర్హత లెక్కేస్తారు.

ఈ సందులోకే ప్రీలాంచ్, అంటే ప్రాజెక్టు రిజిస్టర్ కాకముందే ఫ్లాట్లు అమ్మడం, వచ్చింది. మొత్తం డబ్బు ఒకేసారి కట్టండి, చదరపు అడుగు సగం ధరకే అంటారు. చేతిలో పెట్టేది భూమిలో అవిభాజ్య వాటా (విడదీయకుండా అందరికీ ఉమ్మడిగా ఉండే వాటా) కాగితం. రియల్ ఎస్టేట్‌ను నియంత్రించే రెరా చట్టం ప్రకారం రిజిస్టర్ కాని ప్రాజెక్టులో ఫ్లాట్ అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. అలాంటి దానికి బ్యాంకులు అప్పివ్వవు. దాన్ని ఏజెంట్లు మాత్రం ‘లోన్ గొడవే లేదు సార్’ అని చెప్పి అమ్ముతారు.