“మా ఇంట్లో బొమ్మలేం లేవు సార్”: డ్రాయింగ్ క్లాసు అపోహలు, వాస్తవాలు

అపోహ: కళ పుస్తకాల్లో ఉంటుంది, మనలాంటి వాళ్ల ఇళ్లలో ఉండదు.

డ్రాయింగ్ టీచరుగా పేరెంట్స్ మీటింగుల్లో విని విని విసుగొచ్చిన మాట ఇది. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. తెల్ల కాగితం ఇస్తే చాలు, పిల్లలు రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు వేసేస్తారు. మా ఊళ్లో కొండా లేదు, ఏరూ లేదు. ఆ సీనరీకే మార్కులు పడతాయని వాళ్లకు ఎవరో నూరిపోశారు.

వాస్తవం: సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి పటాలు వేసింది ఇళ్లలో అలంకరణకు కాదు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని పటం విప్పుతూ చెప్పే కథకులు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు, పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు. క్లాసులో కులం పేరెత్తితే గొడవ కదా అని కొందరు టీచర్లు టెన్షన్ పడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఎవరిది ఏ కులమని పిల్లల్ని అడగక్కర్లేదు, పటం పరిచి కథ చెబితే చాలు.

ఇంట్లో ఉన్న బొమ్మలు వేసుకురమ్మంటే ఒక ఏడో తరగతి అమ్మాయి ఖాళీ కాగితం తెచ్చింది. “మీ నానమ్మ చేతుల మీద పచ్చబొట్లు లేవామ్మా?” అన్నాను. మర్నాడు కాగితం నిండా చుక్కలు, గీతలు, ఒక తేలు. ఆ తేలు తోక వంపు నాకైతే రాదు.

మిగతా అపోహల సంగతి త్వరగా చెప్పేస్తాను.

భిన్న సంస్కృతులు నేర్పడమంటే ఆగస్టు 15న రాష్ట్రానికో వేషం వేయించడం కాదు. ఏడాది పొడవునా క్లాసు గోడ మీద ఎవరి బొమ్మలుంటున్నాయో చూడండి.

సవర గిరిజనుల బొమ్మలూ, వార్లీ గిరిజనుల బొమ్మలూ ఒకటి కావు. వార్లీలది మహారాష్ట్ర వైపు. సవరలది మన ఉత్తరాంధ్ర, ఒడిశా కొండలు. వాళ్లు దేవతలకో, చనిపోయిన పెద్దలకో ఇంటి గోడ మీద వేసే మొక్కు అది.

డ్రాయింగ్ వల్ల చదువు పాడవుతుందా? పదో తరగతి దాకా కళలు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళికే చెప్పింది. అయినా పరీక్షలు దగ్గర పడితే మా పీరియడ్ లెక్కల మాస్టారిదే.

బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) లేకపోతే డ్రాయింగ్ టీచరు కాలేమన్నది ఇంకో పుకారు. లోయర్, హయ్యర్ అనే ప్రభుత్వ డ్రాయింగ్ పరీక్షలు రాసి టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) చేసి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. పోస్టులు తక్కువన్న మాట మాత్రం నిజం, తల్లిదండ్రుల బెంగ ఊరికే కాదు. అందుకే అర్హతలు నోటిఫికేషన్‌లో చదవండి, వాట్సాప్ మెసేజ్ నమ్మి ఎవరికీ ఫీజు కట్టకండి.